అమ్మమ్మ చూసిన పిట్ట

నా చిన్నప్పుడు, మేము మిచిగాన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉన్న రోజుల్లో, గుంటూరు నుంచి మా అమ్మమ్మ వచ్చి కొన్నాళ్లు మాతో ఉంది. అమ్మానాన్నలు ఆఫీసులకు, నేను స్కూల్‌కు వెళ్లిపోతే పలకరించే మనిషి లేక ఆమెకు పొద్దు పోయేది కాదు. అందుకని అమ్మ ఆమెను నర్సరీకి తీసుకెళ్లి ఒక వేలాడే తీగబుట్ట, కొబ్బరిపీచు, మట్టి, మొక్కలు కొనిపెట్టింది. సన్నాయిలా పొడుగ్గా ఉండే ఎర్రపూలు పెంచితే హమ్మింగ్‌బర్డ్ అనే తేనె తాగే బుల్లిపిట్ట వస్తుందని అక్కడివాళ్లు చెప్పారట.

ఇంటి వెనక చెక్కల డెక్ మీద కూర్చుని అమ్మమ్మా నేనూ నాటాం. బుట్ట లోపల పీచు పరిచి, మట్టి వదులుగా నింపి, మధ్యలో నిటారుగా పెరిగే సాల్వియా, అంచుల వెంట కిందికి జారే ఫ్యూషియా పెట్టాం. వేళ్లు తెగకుండా మొక్కను తలకిందులు చేసి కుండీ అడుగున తట్టాలని అమ్మమ్మే నేర్పింది. వంటింటి కిటికీ బయట కొక్కేనికి తగిలించాక, వేలాడే మట్టి ఇట్టే ఆరిపోతుందని రోజూ బియ్యం కడిగిన నీళ్లు పోసేది.

ఆ రోజుల్లోనే సండే స్కూల్‌లో మా టీచర్ ఆంటీ, పెద్దవాళ్లు నేర్పిన ప్రార్థన కాకుండా మీ అంతట మీరు ఒకటి అడగండి, దేవుడు పిల్లల మాట వింటాడు అని చెప్పింది. ఆ పిట్టను మా బుట్ట దగ్గరికి పంపమని నేను అడిగాను. ఇప్పుడు వింటే నవ్వొచ్చే కోరికే. కానీ అది నేను సొంతంగా చేసిన మొదటి ప్రార్థన. నేనంటూ ఒకదాన్ని ఉన్నానని ఆయనకు తెలుసో లేదో ఆ పిట్ట వస్తేనే తేలుతుందనుకున్నాను. స్కూల్ నుంచి రాగానే వీపు మీది బ్యాగ్ అయినా దించకుండా కిటికీ దగ్గర నిలబడేదాన్ని. పూలు విరగబూశాయి. తేనెటీగలు వచ్చాయి. పిట్ట రాలేదు. ఒకరోజు అన్నం ముందు ప్రార్థనకు అందరూ కళ్లు మూసుకుంటే నేను మూసుకోలేదు. అమ్మమ్మ అది చూసింది.

మర్నాడు ఇంటికి వచ్చేసరికి గుమ్మంలోనే ఎదురైంది.

"వచ్చిందే నీ పిట్ట. నువ్వట్టా బస్సెక్కావో లేదో, ఇట్టా వచ్చి వాలింది."

"రియల్లీ? ఎలా ఉంది అమ్మమ్మా?"

"నల్లంగా ఉంది, ఎండ పడితే ఊదారంగు మెరుస్తా ఉంది. ముక్కు కొడవలి లాగా వంకర. కొమ్మ పట్టుకుని తలకిందులుగా వేలాడతా తాగి, కిచకిచమని అరిచి పోయింది. ఇప్పుడు చెప్పు, నీ దేవుడు విన్నాడా లేదా?"

మా తెలుగు క్రైస్తవ సంఘం ఒక అమెరికన్ చర్చి హాలును అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు కూడుకునేది. వాక్య ప్రసంగానికి ముందు సాక్ష్యాలు ఉండేవి. ఉద్యోగం దొరికినవాళ్లు, జబ్బు తగ్గినవాళ్లు లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పేవారు. ఆ ఆదివారం నేను లేచాను. నా కోసం మైకు కిందికి వంచారు. ఊదారంగు, వంకర ముక్కు, కిచకిచ ఏదీ వదలకుండా చెప్పాను. హాలంతా స్తోత్రం అంది. తల మీద కొంగు కప్పుకున్న అమ్మమ్మ ఒళ్లోకి చూస్తూ కూర్చుంది. సంతోషంతో ఏడుస్తోందనుకున్నాను.

తర్వాత భోజనాల దగ్గర, హైస్కూల్‌లో చదివే ఒక అక్క ప్లేటుతో వచ్చి నా పక్కన కూర్చుంది.

"నువ్వే చూశావా దాన్ని?"

"లేదు, అమ్మమ్మ చూసింది."

"హమ్మింగ్‌బర్డ్ బీక్ స్ట్రెయిట్‌గా ఉంటుంది. గాల్లోనే ఆగి తాగుతుంది. ఇక్కడ కనపడేవి గ్రీన్‌గా ఉంటాయి. నువ్వు చెప్పినట్టుండే పిట్టను మా తాతగారి ఊళ్లో చూశాను, ఇండియాలో."

"వీసా వచ్చిందేమోలే," అన్నాడు పక్క బల్ల దగ్గరున్న అబ్బాయి. అందరూ నవ్వారు.

ఇంటికి వెళ్లాక అడిగాను. అమ్మమ్మ హమ్మింగ్‌బర్డ్‌ను ఎన్నడూ చూడలేదు. తన పెరట్లో మందారాల మీద వాలే తేనెపిట్టను మాటల్లోనే తెచ్చి మా బుట్ట మీద పెట్టింది. "నీ మనసు చల్లారిపోతా ఉంటే చూడలేకపోయానే. ఆయన పంపబోయేదే కదా, నేను కాస్త ముందు చెప్పా," అంది.

నన్ను మోకాళ్ల మీద నిలబెట్టి ప్రార్థన నేర్పింది ఆమే. దేవుడి జవాబు రావలసిన చోట తన మాట పెట్టింది కూడా ఆమే. ఆ మాటను నేను నా నోటితో ఆయన మందిరంలో చెప్పాను. నువ్వే సంఘానికి నిజం చెప్పు అని అడిగాను. "అంతమందిలో ముసలిదాన్ని నిలబెడతావా?" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ వారమంతా ఆమె చేత జడ వేయించుకోలేదు.

మళ్లీ ఆదివారం సాక్ష్యాల వేళకు నేనే లేచాను. పోయిన వారం నేను చెప్పింది జరగలేదు, పిట్ట రాలేదు అన్నాను. అమ్మమ్మ ఊసెత్తలేదు, కానీ తెలియనిది ఎవరికి? ఆమె కొంగు సర్దుకుని మెల్లగా బయటికి నడిచి, ఆరాధన ముగిసేదాకా కారు దగ్గర నిలబడింది. తిరిగి ఊరికి వెళ్లేదాకా నాకు వేళకు అన్నం పెట్టింది, చదివావా అని అడిగింది. ఆ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు. ఆమె ప్రేమను నేను ఎప్పుడూ శంకించలేదు. మాటను నమ్మడమే మళ్లీ నా వల్ల కాలేదు.

ఇప్పుడు సండే స్కూల్ పిల్లలకు ఆంటీని నేను. మొన్న ఒక పాప, మా నాన్నకు నయం కావాలని ఇన్నాళ్లు అడిగాను కదా, దేవుడు ఏమన్నాడు అని అడిగింది. ఏదో ఒకటి చెప్పమని వెనక నుంచి వాళ్లమ్మ కళ్లతోనే బతిమాలింది. దేవుడు వింటాడని నేను మనసారా నమ్ముతాను. అందుకే ఆయన అనని మాట అన్నాడని చెప్పడానికి నాకు నోరు రాదు. జవాబు ఇంకా రాలేదమ్మా, ఎందుకో నాకూ తెలియదు అన్నాను. పాప ఏడ్చింది. ఏడుపు తగ్గేదాకా పక్కనే కూర్చున్నాను. తర్వాత ఇద్దరం కళ్లు మూసుకుని మళ్లీ అడిగాం.