ఎదురుమూలలో పచ్చచుక్క

ఆకాశంలోకి ఎగిరిపోయిన మొగుణ్ణి మా పిన్ని మెడపట్టి కిందికి దించింది. నిచ్చెన వెయ్యలేదు, తాడు విసరలేదు. కూర్చున్న కుర్చీలోంచి లేవకుండానే దించింది. నమ్మనివాళ్ళు నన్ను అడగండి. ఆమె దించుతుంటే దీపం పట్టుకున్నది నేనే.

పిన్ని అంటే పెద్దావిడ అనుకునేరు. మా అమ్మకు ఆఖరి చెల్లెలు, నాకన్నా రెండేళ్ళు చిన్నది. బస్సులు ఆగేచోట ఒక మేడమెట్ల కింద మిగిలిన సందులో ఫోన్లు బాగుచేసే కొట్టు ఆమెది. అందులో ఇద్దరు నిలబడితే మూడో మనిషి ఊపిరి పీల్చుకోవడానికి బయటికి పోయి రావాలి. తొమ్మిదో తరగతిలోనే నేను చదువుకు సెలవిచ్చేశాను, ఆ బడి ఇంకా కోలుకోలేదని విన్నాను. కాబట్టి నాకు తీరికెక్కువ. రోజూ అక్కడే చేరేవాణ్ణి.

ఆ కొట్టుకు పగిలిన ఫోన్లతో పాటు ఆకాశంలో వింతలు కూడా వచ్చేవి. ఒకాయన షట్టరు సగం దించమని, తన మేడమీద తిరిగిన వెండి పళ్ళేన్ని గుసగుసగా చూపించాడు. పిన్ని ఫోను వెనక్కి తిప్పి కెమెరాను గుడ్డపీలికతో తుడిచింది.

"మీ వేలి జిడ్డండీ. వీధిలైటు దానిమీద పడి సాగింది."

"అది తిరిగిందమ్మా."

"మీ చెయ్యి తిరిగింది."

ఫొటోలో తెల్లబంతులు పడ్డాయని తెచ్చినావిడకు అవి ఫ్లాషు ముందు ఎగిరిన దుమ్మని చెప్పింది. పచ్చచుక్క తనను తరుముతోందని వణుకుతూ వచ్చిన కుర్రాడికి మాత్రం కాస్త ఓపిగ్గా చెప్పింది. కెమెరాలో ఒకదాని వెనక ఒకటి గాజుముక్కలుంటాయి. గట్టి లైటు పడితే అది వాటి మధ్య అటూ ఇటూ తగిలి, బొమ్మలో సరిగ్గా ఎదురుమూలన చుక్కై తేలుతుంది. లైటు కుడికి జరిగితే చుక్క ఎడమకు. లైటు పైకి పోతే చుక్క కిందికి. "నిన్నెవరూ తరమట్లేదు నాయనా, పోయి పడుకో," అంది. ఇలా ఆ గుడ్డపీలికకు రాలిపోయిన లోకాలెన్నో.

బాబాయి రాళ్ళ క్వారీలో డ్రిల్లింగు పని చేసేవాడు. నెత్తిన గట్టి టోపీ, టోపీకి లైటు. ఒక సాయంత్రం పని దిగినవాడు ఇంటికి రాలేదు.

అదే సాయంత్రం క్వారీకి అవతలి గట్టున ఒక లారీ డ్రైవరు, మబ్బులు ముచ్చటగా ఉన్నాయని, పెళ్ళానికి పంపడానికి వీడియో తీశాడు. అందులో ఒక పచ్చచుక్క ఉంది. ఆకాశంలో నిలబడి, కాస్త వణికి, నిటారుగా పైకి పోయి మాయమైంది. మర్నాటికి అది అందరి ఫోన్లలోకీ పాకింది. ఇక్కడ మనిషి లేడు, అక్కడ వెలుగు పైకి పోయింది, జనానికి ఇంకేం కావాలి. చుక్కకు కిటికీలున్నాయని ముందుగా కనిపెట్టింది నేనే. పొద్దుగూకేలోగా ఆ కిటికీలోంచి బాబాయి చెయ్యూపగా చూసినవాళ్ళు కూడా దొరికారు.

అందరికన్నా గట్టిగా నమ్మింది బాబాయి వాళ్ళమ్మ. కొడుకు పోయాడనుకోవడం కన్నా ఎవరో తీసుకెళ్ళారనుకోవడం ఏ తల్లికైనా నయం. వచ్చినవాళ్ళందరి మధ్యా కూర్చుని, "తీసుకెళ్ళినవాళ్ళే దింపి పోతారు," అనేది. క్వారీ సూపర్‌వైజరు వచ్చి, పాత గుంతలో నీళ్ళు తోడించి వెతకమంటారా అని అడిగాడు. "పైనున్నవాణ్ణి గుంతలో వెతుకుతావా? తోడడానికి వీల్లేదు," అంది. ఆ గుంతను వచ్చే వారం రాతిపొడితో పూడ్చాలని వాళ్ళు ముందే అనుకున్నారు. ఆయన అలాగేనని వెళ్ళిపోయాడు.

పిన్ని ఎవరితోనూ వాదించలేదు. నాతో మాత్రం, "ఈ వీడియోకి కింద సగం లేదు. ఎవరో కత్తిరించారు," అంది.

"కిందేముంటుంది, రాళ్ళేగా?"

"ఆ రాళ్ళే చూడాలి నేను."

డ్రైవరుకు కబురు పంపింది. అతను పాపం లారీ ఆపి, ఫోనుతో సహా వచ్చాడు. అసలు వీడియోలో పైన మబ్బులు, కింద పాత గుంత గట్టు, కుడివైపు గట్టు అంచున చిన్న తెల్లటి లైటు ఉన్నాయి. ఎడమవైపు పైన పచ్చచుక్క. లైటు వణికింది, చుక్కా వణికింది. లైటు కిందికి జారింది, చుక్క పైకి లేచింది. లైటు గుంత అంచు దాటి కనబడకుండా పోయింది, చుక్కా పోయింది.

"నేను మబ్బులే చూశాను చెల్లెమ్మా," అన్నాడు డ్రైవరు.

"మబ్బులు బాగానే వచ్చాయన్నా," అంది పిన్ని.

ఏదో ఒకటి అందామని నేను నోరు తెరిచి, మూసుకున్నాను. నేను నోరు మూసుకోవడం అదే మొదలు, అదే ఆఖరు.

సూపర్‌వైజరు వీడియో చూసి తల గోక్కున్నాడు. "పెద్దావిడ వద్దందమ్మా. రేపు నామీద పడుతుంది. ఆవిడచేత ఔననిపించు. పొడి లారీలు ఎల్లుండే వస్తున్నాయి."

మధ్యాహ్నం పిన్ని ఇంటికొచ్చి కిటికీలు మూసింది. బల్లలైటు నా చేతికిచ్చి గోడ దగ్గర నిలబెట్టింది. తను అత్తగారి పక్కన కుర్చీలో కూర్చుని ఫోను నావైపు పెట్టింది.

"అత్తయ్యా, ఫోనులో చూడండి," అని, నాతో, "నువ్వు లైటు కిందికి దించు," అంది.

దించాను. పెద్దావిడ ముఖంలోకి పచ్చటి వెలుతురేమీ రాలేదు గానీ, చుక్క లేచిందని ఆ కళ్ళు చూస్తే తెలిసింది.

"ఇంకోసారి," అంది ఆమె. మళ్ళీ దించాను.

"పైకెత్తమను." ఎత్తాను. ఆమె కళ్ళు కిందికి వాలాయి.

"వద్దు, కిందికే పెట్టమను. అట్లా ఉండనీ."

లైటు నేలకు ఆనేలా పట్టుకుని గొంతుక్కూర్చున్నాను. చెయ్యి లాగేస్తోంది. చాలని ఎవరూ అనలేదు. పెద్దావిడ ఫోనులోంచి కళ్ళు తియ్యకుండానే అడిగింది.

"ఆ నీళ్ళు చల్లగా ఉంటాయా?"

"ఉంటాయత్తయ్యా."

"వాడికి చలి పడదు." ఫోను పక్కకు నెట్టి, "తోడమను," అంది.

తోడారు. లైటు జారిన మూలనే, రాళ్ళ మధ్య దొరికాడు. టోపీ పట్టీ గడ్డం కింద బిగించినది బిగించినట్టే ఉంది.

తర్వాత ఆ ఇంటికి జనం రావడం మానేశారు. పైనున్న మనిషిని కోడలే కిందికి లాగిందని కొందరు ఇప్పటికీ అంటారు. అత్తాకోడళ్ళు ఒకే గదిలో ఉంటున్నారు. అవసరానికి మించి మాట్లాడుకోగా నేను వినలేదు. ఆ బల్లలైటును మాత్రం పెద్దావిడ వెలిగించనివ్వదు.

ఇదంతా రాసి, మొదటి వాక్యం గొప్పగా కుదిరిందన్న ధీమాతో, కొట్టుకెళ్ళి పిన్నికి చదివి వినిపించాను. ఆమె ఎవరిదో ఫోను విప్పుకుని ఉంది. తలెత్తలేదు.

"నేనెవర్నీ దించలేదు. మీ బాబాయి పైకి పోతేగా. కిందున్నాడు, కిందనుంచి తీశారు."