సగం బడికి చైర్మన్

నా ఇఖామాలో, అదే నివాస అనుమతి కార్డులో, ఉద్యోగం రాసే చోట ఉద్యోగం లేదు. దమ్మామ్‌కు గంట దూరంలో, సముద్రం పక్క ఊళ్లో మా ఆవిడ నర్సు. నేను ఆమె వెంట వచ్చిన మనిషిని, అక్కడి అరబ్బీ మాటలో మురాఫిక్. అనంతపురం జిల్లాలో ఇరవై నాలుగేళ్లు పాఠాలు చెప్పి, హెడ్మాస్టరై, మీసం తిప్పి బతికినవాణ్ణి వంకాయలు తరుగుతూ కూర్చున్నాను. అందుకే అక్కడున్న మన దేశం పిల్లల బడికి తల్లిదండ్రుల ఓట్లతో పాలక కమిటీ ఎన్నికలు వచ్చాయనగానే ఎగిరి గంతేశాను.

ఎన్నికలంటే ఎన్నికలే. మలయాళీలు ఇద్దరు నిలబడి ఓట్లు చీల్చుకున్నారు. హైదరాబాద్ వాళ్లు బిర్యానీ పెట్టి మరీ మీటింగు జరిపారు. తిన్నవాళ్లలో సగం మంది నాకే వేశారు. "పంతులొక్కడన్నా ఉండాల గదప్పా, అందరూ ఇంజనీర్లేనా!" అని మా సీమవాళ్లు వాట్సాప్‌లో ఊదరగొట్టారు. గెలిచాను. కమిటీలో మిగతావాళ్లకు తీరిక లేదు, నాకు తీరిక తప్ప ఇంకేమీ లేదు. ఏకగ్రీవంగా చైర్మన్‌ను చేసి శాలువా కప్పారు. ఆ ఉక్కపోతలో శాలువా!

ప్రతి తరగతి గదికీ స్వయంగా వెళ్లి చూస్తానని ప్రచారంలో మాటిచ్చాను. బడిని కాగితం మీద చూడకూడదు, గదిలో నిలబడి చూడాలని ఉపన్యాసం దంచాను. ఆడపిల్లల విభాగంలోకి బడి వేళలో మగవాడు అడుగు పెట్టకూడదన్న సంగతి నాకు తెలియక కాదు. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయిని రోజూ గేటు దగ్గరే దించేవాణ్ణి. చైర్మన్‌కి వేరే రూలుంటుందనుకున్నాను. లేదట. నేను ఏలే బడిలో సగం నేను చూడకూడనిది.

సెప్టెంబరులో ఒకరోజు మా అమ్మాయి, "నాన్నా, మా క్లాసులో ఏసీ పని చేయడంల్యా" అంది. అక్కడి సెప్టెంబరు ఎట్లా ఉంటుందో తెలియనివాళ్లు ఇడ్లీ పాత్ర మూత తీసి ముఖం పెట్టి చూడండి. నలభై మంది పిల్లలు, తెరుచుకోని కిటికీలు.

మర్నాడే బడి ఆఫీసును రిపోర్టు అడిగాను. వచ్చింది. "అన్ని గదులలో ఏసీలు సంతృప్తికరంగా పనిచేయుచున్నవి." మూడు సంతకాలు, ఒక ముద్ర. కింద నేనూ సంతకం గీకాను.

సిగ్గులేకుండా చెబుతున్నాను, అలాంటి వాక్యాలు రాయడంలో నన్ను మించినవాడు లేడు. హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో తనిఖీ అనగానే పక్క ఊరి బడి నుంచి బెంచీలు తెప్పించి, ఏడో తరగతి పిల్లల్ని ఆరులో సర్ది, అంతా సంతృప్తికరం అని రాసిచ్చి, నాటుకోడి పులుసుతో అధికారిని సాగనంపిన ఘనుణ్ణి. ఎంత వెర్రివాళ్లురా వీళ్లు, రాసిందల్లా నమ్ముతారు అని స్టాఫ్‌రూంలో పడీపడీ నవ్వేవాణ్ణి. కుర్చీ మారేసరికి నేనూ నమ్మాను.

వారం తర్వాత అమ్మాయి మళ్లీ చెప్పింది. "బాగు చేశారమ్మా, రిపోర్టుంది" అన్నాను.

"రిపోర్టు వచ్చి మా క్లాసులో కూర్చుంటాదా?"

మా ఆవిడ ఊరుకోలేదు. "బిడ్డ చెప్పేది ఇనప్పా. నాకైతే గేటు తీస్తారు గదా, రేపు పొయ్యి చూసొస్తా."

"చైర్మన్ పెళ్లాం తనిఖీకి పోయిందంటే నా పరువేం కావాల? నువ్వుండు!" అని గద్దించాను. మూడోసారి అమ్మాయి చెప్పినప్పుడు వార్షికోత్సవం ఆహ్వానపత్రికలో నా ఫోటో ఏ సైజులో ఉండాలో చూసుకుంటున్నాను. ఊఁ అన్నాను.

ఆ గురువారం పదకొండింటికి బడి నుంచి ఫోను. మీ అమ్మాయి కళ్లు తిరిగి పడిపోయింది, వచ్చి తీసుకుపొండి అని. టాక్సీ పట్టుకుని ఉరికాను. గేటు దగ్గర పాకిస్తానీ కాపలాదారు, ఇది ఆడపిల్లల వేళ, లోపలికి కుదరదని అడ్డం నిలబడ్డాడు.

"అందర్ నహీ సాబ్. లడ్కియోఁ కా టైమ్ హై."

"మై చైర్మన్ హూఁ!" అని అరిచాను.

"మాలూమ్ హై సాబ్. ముబారక్ హో" అని అభినందించాడు పాపం, ఎంతో మర్యాదగా. తన కుర్చీ తెచ్చి నీడలో వేశాడు. కూర్చోలేకపోయాను. గోడకు అవతల నా బిడ్డ ఎట్లా ఉందో తెలియక, ఆ గేటు ముందు అటూ ఇటూ తిరిగాను. కాసేపటికి ఆయా ఒకామె అమ్మాయిని భుజం పట్టుకుని నడిపించుకొచ్చింది. జుట్టంతా తడి, ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

టాక్సీలో నీళ్లు తాగించాను. కళ్లు తెరవకుండానే, "క్లాసులో అందరూ అడిగినారు నాన్నా, మీ నాయన చైర్మన్ గదా, ఏసీ సంగతి ఆయనకు తెలీదా అని" అంది.

"నువ్వేం చెప్పినావు?"

"తెలీదని చెప్పినా. నేనే నీకు చెప్పడం మర్చిపోయినా అన్నా. ఇప్పుడు వాళ్లంతా నా మీద కోపంగా ఉండారు."