బతికుండంగ పెట్టిన శోకం

కోడేరు చుట్టుపక్కల ఏ ఇంట్లో మనిషి పోయినా మొదటి కబురు చుట్టాలకు, రెండోది సాయమ్మకు. సాయమ్మ ఏడవడానికి వస్తుంది. ఊరికే కళ్లొత్తుకునే ఏడుపు కాదు ఆమెది. పోయినవాళ్ల చెయ్యి పట్టుకుని కూలబడి, రాగం తీసి, పుట్టినిల్లు, మెట్టినిల్లు, చేసిన కష్టం, కన్న పిల్లలు, అన్నీ వరసపెట్టి చెబుతుంది. దాన్నే శోకం పెట్టడం అంటారు. చచ్చినవాడి కళ్లు చారెడు అని లోకం మాట. సాయమ్మ దగ్గర అది చెల్లదు. తాగుబోతును తాగుబోతనే ఏడుస్తుంది. అయినా వాడి పెళ్లాం గుండె బరువు దించుకునే లేస్తుంది.

ఈ మధ్య పిలుపులు తగ్గాయి. బొంబాయి నుంచో పుణె నుంచో పిల్లలు వచ్చేదాకా శవాన్ని అద్దాల ఫ్రీజర్‌లో పెడుతున్నారు. పక్కన స్పీకర్‌లో భజన నడుస్తుంది. వచ్చినవాళ్లు అద్దం మీదికి వంగి ఒక ఫోటో తీసుకుని, స్టేటస్ పెట్టి, చెప్పులు వేసుకుంటారు. చెయ్యి పట్టుకోనిదే ఏడుపు ఎట్లా వస్తుందని సాయమ్మ గొణుక్కుంటూ ఇంటికి పోతుంది.

అలాంటి సాయమ్మను పోయిన శ్రావణంలో అలివేలమ్మ అడగరానిది అడిగింది.

ఇద్దరిదీ ఒకే ఊరు. నలభై ఏళ్ల కింద మేస్త్రి వెంట కాలువ పనులకు కలిసి వలసపోయి, ఒకే గుడిసెలో ఒకే పొయ్యి మీద వండుకున్నవాళ్లు. అలివేలమ్మకు ఇప్పుడు కడుపులో గడ్డ. చేసేదేమీ లేదని హైదరాబాద్ దవాఖానలో కూతురు స్వరూపకు చెప్పి ఇంటికి పంపేశారు. స్వరూప ఆ మాట కడుపులోనే దాచుకుంది. అమ్మ ముందు చావు ఊసెత్తొద్దని అందరికీ కట్టడి చేసింది. సాయమ్మనైతే గడప దగ్గరే ఆపి చెప్పింది.

"చిన్నమ్మా, నువ్వు జర తక్కువ రా. నిన్ను చూస్తే అవ్వ పరేషానైతది."

సాయమ్మ మనసు చివుక్కుమంది. పిల్ల మాటలో తప్పు లేదు, తన పని అట్లాంటిది మరి. అయినా కాళ్లు ఆగలేదు. స్వరూప మందులకని నాగర్‌కర్నూల్ పోయిన ఒక మధ్యాహ్నం పలచగా కాచిన జొన్న గటక గిన్నె పట్టుకుని వెళ్లింది. అలివేలమ్మ గటక ముట్టలేదు. తలుపు దగ్గరికి వెయ్యమంది.

"సాయీ, అందరు తగ్గుతది తగ్గుతది అంటున్నరు. నాకు తెల్వదా? నేను పోయినంక నువ్వు ఏమని ఏడుస్తవో నాకు ఇనపడదు. ఇప్పుడే పెట్టు శోకం."

బతికున్న మనిషికి శోకం పెట్టడమంటే ఆయుష్షును చేతులారా తుంచెయ్యడమే. ఆ మాట సాయమ్మకు అత్త నేర్పింది, అత్తకు వాళ్ల అత్త నేర్పింది. కాళ్లు మొక్కి వద్దంది. అలివేలమ్మ కళ్లు మూసుకుని ఒకటే మాట అంది.

"శోకంల భీమన్నను చెప్తవో లేదో నాకు తెలియాలె."

ఆ పేరు ఇప్పుడు ఆ ఇంట్లో అలివేలమ్మ తప్ప ఎవరూ ఎరగరు. అలివేలమ్మకు తొలిచూలు కొడుకు. భీమా నది పనుల దగ్గర పుట్టాడని ఆ పేరు పెట్టారు. పదకొండో నెలలో జ్వరం తీసుకుపోయింది. పొద్దున కాలువ గట్టున పూడ్చిపెట్టి, మధ్యాహ్నానికి మట్టి తట్టలెత్తారు. అలివేలమ్మ గొంతెత్తి ఏడవబోతే, మేస్త్రి తిడతాడన్న భయంతో ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది ఈ సాయమ్మే. అందరికీ శోకం పెట్టిన మనిషి ఆ పసివాడికి బాకీ పడిపోయింది. ఆ చెయ్యి ఆమెను ఇన్నేళ్లూ నిద్రపోనివ్వలేదు.

ఇక తప్పదనుకుంది. అత్త చెప్పిన మాటను పక్కన పెట్టి, అలివేలమ్మ చెయ్యి పట్టుకుని, మెల్లగా రాగం అందుకుంది. పుట్టిల్లు చెప్పింది. మూడు మేకలతో కాపురానికి వచ్చిందని చెప్పబోతే అలివేలమ్మ ఒక కన్ను తెరిచి, మూడు కాదు రెండేనని దిద్దింది. సాయమ్మకు ఏడుపులోనే నవ్వొచ్చింది. శోకం మధ్యలో తప్పు పట్టిన మనిషిని ఆమె చూడటం అదే మొదలు. ఆఖరుకు కాలువ గట్టు వచ్చింది.

"అడుగులేసే కొడుకును గట్టు మీద పండవెడితివి అక్కా..."

"అడుగులెక్కడేసిండే. ఇంక దోగాడుతుండె," అంది అలివేలమ్మ. అని, నలభై ఏళ్లకు నోరు విడిచి ఏడ్చింది. ఈసారి సాయమ్మ ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టలేదు.

చప్పుడైతే తల తిప్పింది. గుమ్మంలో మందుల కవరుతో స్వరూప. ఎప్పటి నుంచి ఉందో. తిట్లు తప్పవనుకుంది సాయమ్మ. స్వరూప తిట్టలేదు. వచ్చి మంచం పక్కన కూర్చుని, భీమన్న ఎవరని అమ్మనే అడిగింది. ఆ సాయంత్రమంతా అలివేలమ్మ కొడుకు ముచ్చట్లు చెప్పింది, గిన్నెలో గటక మొత్తం తాగింది.

పద్దెనిమిది రోజులకు ప్రాణం పోయింది. అల్లుడు పుణె నుంచి రావాలి కాబట్టి ఫ్రీజర్ తప్పలేదు. సాయమ్మ వచ్చి కూర్చుంది. అద్దం మీద చెయ్యి పెడితే చల్లగా తగిలింది. గొంతు పెగల్లేదు. ఆడవాళ్లంతా ఎదురుచూస్తున్నారు. వంద చావులకు ఏడ్చిన మనిషికి సొంత మనిషి పోతే ఒక్క మాట దొరకలేదు.

స్వరూప లేచి స్పీకర్ ఆపింది. పెట్టె మూత ఎత్తించి, తల్లి చెయ్యి తీసి సాయమ్మ చేతిలో పెట్టింది. అయినా సాయమ్మకు రాగం రాలేదు. అప్పుడు, బతుకులో ఎన్నడూ శోకం పెట్టని స్వరూప, తల్లి పక్కన కూలబడి తనే అందుకుంది.

"కాల్వ గట్టున మా అన్న దోగాడుకుంట ఎదురొస్తడే అవ్వా... వంగి ఎత్తుకో..."

సాయమ్మ గొంతు అప్పుడు పెగిలింది.