వేట నిషేధంలో గంగాలమ్మ మాత్ర

గంగాలమ్మ విసిరిన చేపల కత్తి కోడలు దేవిశ్రీ ముంజేతిని చీల్చుకుంటూ పోయి గోడకు తగిలి పడింది. రెండోది అందుకునేలోపు కొడుకు మణికంఠ వెనక నుంచి పట్టుకున్నాడు. ఆమె వాడి బొటనవేలు నెత్తురొచ్చేలా కొరికింది. కూరలో ఉప్పు తగ్గిందట, అంతే.

అది చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు బోట్లను ఆపేసే రెండు నెలల వేట నిషేధంలో చివరి వారాల మాట. గంగాలమ్మ పాతికేళ్లుగా ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాటలో చేపలు కొని వన్ టౌన్ సందుల్లో అమ్మిన మనిషి. నోరు పెద్దదే గానీ చెయ్యి ఎవరి మీదా లేచింది లేదు. ఆ వేసవిలో మాత్రం పక్కింటామెను జుట్టు పట్టి ఈడ్చింది, ఓ ఆటోవాడి చెంప పగలగొట్టింది. నిద్ర లేదు, ఒళ్లంతా చెమట, చేతుల వణుకు, మనిషి సగమైపోయింది. అమ్మోరు పూనిందని పేట తేల్చేసింది. పసుపునీళ్లు పోసి కాళ్లకు మొక్కారు. నెత్తురు కారుతున్న దేవిశ్రీని కూడా మొక్కమన్నారు. మన భక్తికి ఇదో సౌకర్యం, దెబ్బ తిన్నవాళ్ల చేతే దండం పెట్టిస్తుంది.

దేవిశ్రీ మొక్కలేదు. కుట్లు వేయించుకుని, కూతుర్ని చంకనేసుకుని పూడిమడకలో పుట్టింటికి పోయింది. పోతూ మొగుడితో ఒక్కటే మాట అంది: "అమ్మోరయితే గుళ్లో ఉండమను బావా. నా పిల్ల ఉన్న సోట వద్దు."

మర్నాడు గంగాలమ్మ గుండె దడతో కూలబడితే మణికంఠ ఆసుపత్రికి తీసుకెళ్లాడు. రక్తపరీక్షలో థైరాయిడ్ మరీ ఎక్కువగా ఉండటం చూసిన డాక్టరమ్మ, కొన్నేళ్లుగా వాడుతున్న థైరాయిడ్ మాత్ర ఎలా వేసుకుంటున్నావని అడిగింది. అప్పుడు బయటపడింది సంగతి. వేట ఉన్న రోజుల్లో తెల్లారకముందే హార్బర్‌కి పరుగు. పాట మొదలయ్యేలోపు పాలు దండిగా పోయించుకున్న టీతో థైరాయిడ్ మాత్రనీ, మోకాళ్లకిచ్చిన కాల్షియం బిళ్లనీ ఒకే గుక్కలో మింగేది. ఆ టీ, ఆ బిళ్ల కలిసి మందును ఒంటికి పట్టనివ్వలేదు. అప్పటి పరీక్షల్లో థైరాయిడ్ తక్కువే ఉందని డాక్టర్లు మోతాదు పెంచుకుంటూ పోయారే తప్ప, ఎలా మింగుతున్నావని ఎవరూ అడగలేదు. నిషేధం రాగానే హార్బరూ లేదు, తెల్లవారుజాము టీ కూడా లేదు. ఇంట్లో లేవగానే పరగడుపున నీళ్లతో మాత్ర, కాల్షియం మధ్యాహ్నం అన్నం తిన్నాక. పద్ధతి కుదిరింది. పెంచిన మోతాదు పెంచినట్టే ఉంది. అదంతా ఒంట్లోకి దిగి గుండెనీ బుర్రనీ తరిమింది.

"అయితే మానేత్తాను" అంది గంగాలమ్మ. సొంతంగా మానితే ఇంకో ప్రమాదమని డాక్టరమ్మ కసిరింది. మోతాదు తగ్గించింది. రోజూ పరగడుపున నీళ్లతోనే వేసుకోవాలి, టీ టిఫిన్లు ఓ గంట ఆగాకే. కాల్షియానికి కనీసం నాలుగు గంటల ఎడం. ఆరు వారాలకు మళ్లీ పరీక్ష. దడ వస్తే వెంటనే రావాలి.

వణుకు తగ్గాక గంగాలమ్మ పూడిమడక వెళ్లింది. మనవరాలు ఆమెను చూసి తల్లి వెనక నక్కింది.

"నాను కాదే. ఆ బిళ్ల సేయించింది."

దేవిశ్రీ కుట్ల మచ్చ చూపించింది. "బిళ్ల కోపం తెచ్చింది, సరే. కత్తి ఎవులు ఇసిరేరు అత్తా? పిల్ల ముందర సెప్పు."

గంగాలమ్మ గుమ్మంలోనే నేల మీద చతికిలబడి పిల్ల వైపు చూసింది.

"నానేనమ్మా. మీ అమ్మని నానే కొట్టాను."

పిల్ల దగ్గరికి రాలేదు. క్షమించానని దేవిశ్రీ కూడా అనలేదు. ఇకనుంచి కత్తులు తన దగ్గరే ఉంటాయని, గుండె దడ మొదలైతే ముందు తనకే చెప్పాలని చెప్పి, సంచి సర్దుకోవడానికి లోపలికి వెళ్లింది.