ఖాలా పాటలున్న డిస్కు

మా ఆయన చెయ్యి ప్లగ్గు స్విచ్చు మీద ఉంది. నా చెయ్యి ఆయన చేతి మీద ఉంది. పెళ్లయిన ఇన్నేళ్లకు ఇదేం సరసం అనుకునేరు. కంప్యూటరు ఆపాలా వద్దా అని కొట్లాడుకుంటున్నాం.

"ఆపు. మెమరీ మొత్తం నిండింది. అండ్ల ఇంక సందు లేదు," అన్నాడాయన.

"ముందు చెయ్యి తియ్యి," అన్నాను నేను.

ఆయన పనిచేసేది సర్కారు దఫ్తరులో. అక్కడ ఏ కంప్యూటరు మొండికేసినా దానికి తెలిసిన వైద్యం ఒక్కటే, ఆపి మళ్లీ పెట్టడం. ఇన్నేళ్ల సర్వీసులో ఆయన నేర్చుకున్న సాంకేతిక విద్య అదే. నేను డిగ్రీ చదివి, ఇంట్లో కూర్చుని పెళ్లి కార్డులు టైపు చేస్తాను. చార్మినార్ దగ్గరి ప్రెస్సులవాళ్లు తెలుగు మేటరు నాకు పంపిస్తారు. వధువు పేరులో దీర్ఘం తప్పితే నన్నే తిడతారు కాబట్టి కంప్యూటరు ముందు ఓపిగ్గా కూర్చోవడం నాకు అలవాటు. ఆ ఓపిక మనుషుల దగ్గర లేదని మా ఆయన ఫిర్యాదు. అది వేరే సంగతి.

ఆరోజు చెక్ అవుతున్నది అరచేతిలో పట్టే ఒక డిస్కు. విడిగా వైరుతో తగిలించేది. అందులో మా ఇంటి ఓనరమ్మ పాటలున్నాయి.

మేం పైవాటాలో అద్దెకుంటాం. ఆమె కింద ఉంటుంది. ఖాలా అని పిలుస్తాను, అంటే పిన్ని. ఈ గల్లీలో పెళ్లంటే ఢోలక్ పాటలుండాల్సిందే. ఆడవాళ్లందరూ చాపల మీద కూర్చుని, ఒకరు ఢోలక్ వాయిస్తుంటే ఇంకొకరు దాని చెక్క మీద గరిటెతో తాళం వేస్తుంటే, వియ్యపురాలిని నిలువునా కడిగేసే పాటలు పాడతారు. వియ్యపురాలు ఆటో దిగకముందే భోజనాలెక్కడ అని అడిగిందట, అరువు చెప్పులేసుకొచ్చి వాటికే సలాములు చేయించుకుందట. ఇలాంటివి. ఆవిడ నవ్వుతూ వినాలి. ఆమె వైపువాళ్లు తిరిగి పాడి జవాబివ్వాలి. ఖాలా పాడడం మొదలుపెడితే జవాబు చెప్పగల పార్టీ మా చుట్టుపక్కల ఉండేది కాదు. గొంతు అలాంటిది. కింద వాకిట్లో పాడితే మా డాబా మీద ఆరేసిన బట్టలక్కూడా వినపడేది.

ఆమె చిన్నకూతురి పెళ్లిలో ఆ పాటలన్నీ నా ఫోనులో రికార్డు చేశాను. ఫోను మార్చినప్పుడు వాటిని ఈ డిస్కులోకి ఎక్కించాను. తర్వాత ఖాలాకు మెడ దగ్గర ఆపరేషనయింది. ప్రాణం నిలబడింది, గొంతు పోయింది. ఇప్పుడు మాట్లాడితే గాలి మాత్రమే వస్తుంది. దగ్గరికి చెవి పెట్టుకుని వినాలి.

ఇప్పుడు ఆమె మనవరాలి పెళ్లి, కొడుకు కూతురు. వారం తిరిగేసరికి మాంజే. పెళ్లికూతురికి పసుపు పూసి, పసుపు బట్టలు కట్టి కూర్చోబెట్టే రోజు. మగపెళ్లివారి ఆడవాళ్లు పసుపు పట్టుకుని వస్తారు. వాళ్ల ముందు పాటలు పాడాలి. కొత్త పిల్లలకు సినిమా పాటలొచ్చుగానీ ఈ పాటలు సగం సగమే వచ్చు. ఖాలా పైకి వచ్చి నా పక్కన కూర్చుని, "నా పాటలు నీ దగ్గర ఉన్నయి గద బేటీ," అంది. ఉన్నాయి ఖాలా, పెద్ద స్పీకరు పెట్టి మోగిస్తానని గొప్పగా చెప్పాను. డిస్కు తగిలించాను. పాటలున్న ఫోల్డరు తెరుచుకోలేదు. పాడైంది, చదవడం కుదరదు అని ఒక ముక్క చూపించి ఊరుకుంది.

అందుకే డిస్కు చెక్ చేసే ప్రోగ్రాము పెట్టాను, చెడిన చోట్లు కూడా వెతికి చదవగలిగినంత చదవమని. మొదట్లో బుద్ధిగానే నడిచింది. డిస్కులో ఒక్కో గడినీ తట్టి చూసే దశకొచ్చేసరికి, మెమరీ ఎంత వాడుతోందో తెర మీద చూపించే గీత లేవడం మొదలుపెట్టింది. లేచి లేచి కప్పు దాకా పోయింది. మౌసు కదిలిస్తే బాణం కాసేపు ఆలోచించి కదిలేది. సరిగ్గా అప్పుడే మా ఆయన టీ గ్లాసు పట్టుకుని వచ్చి ఆ గీత చూశాడు.

మా గొంతులు మెట్ల దాకా వినపడ్డాయేమో, ఖాలా గోడ పట్టుకుని మెల్లగా ఎక్కి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. నేను లేచి దగ్గరికి వెళితే నా చెవిలో అడిగింది.

"ఏమంటది బేటీ, నా గొంతు ఉన్నదా, పోయిందా?"

మా ఆయన చెయ్యి స్విచ్చు మీది నుంచి దానంతట అదే కిందికి దిగింది.

"ఇంకా వెతుకుతున్నది ఖాలా," అని కుర్చీ వేశాను.

"మొత్తం మెమరీ గదే తింటున్నది ఖాలా. మీ బేటీకి చెప్తే వినదు," అని మా ఆయన పితూరీ మొదలుపెట్టాడు.

నాకు ఒళ్లు మండింది. "పోయిన పెళ్లికి ఖాలా చుట్టాలొచ్చి ఏం చేసిండ్రు? వాకిలి నిండింది, మెట్లు నిండినయి, డాబా నిండింది. మన వంటింట్లకు సుత వచ్చిండ్రు. షీర్ ఖుర్మా గిన్నె మన పొయ్యి మీదికెక్కింది. నేనేమన్న పోలీసులను పిలిచిన్నా? పని పెద్దది, జాగా ఖాళీగున్నది, తీసుకున్నరు. పనైనంక కడిగి ఇచ్చి పోయిండ్రు. ఇది గూడ గంతే."

"పని కాకముందే ఇల్లు కూలితే?" అన్నాడాయన.

ఖాలా నవ్వింది. చప్పుడు లేని నవ్వు, భుజాలు మాత్రం కదిలాయి.

నిజం చెప్పాలంటే, అంత ధీమాగా అన్నాను గానీ నాకూ లోపల గుబులుగానే ఉంది. నా దగ్గరున్న ఆధారం ఒక్కటే. ఆ గీత కప్పు దాకా పోయింది కానీ కప్పును తాకలేదు. మిగతా వాటి కోసం కాస్త జాగా వదిలేసి అక్కడే నిలబడింది. కింద ఎంతవరకు అయిందో చెప్పే అంకె నత్తలా నడుస్తూనే ఉంది. దారి తప్పిన ప్రోగ్రామైతే ఎక్కడ ఆగాలో తెలియక అన్నిటినీ తొక్కేస్తుంది. ఇది ఎంత దొరికితే అంత తీసుకుని, ఎంత వదలాలో తెలిసి పనిచేసుకుంటోంది. తొందరగా కానివ్వాలనే అంత తీసుకుంటోందని నా లెక్క. మధ్యలో ఆపితే దెబ్బ తినేది మెమరీ కాదు, పాటలు.

మధ్యాహ్నం భోజనాల వేళకు కరెంటు పోయింది. మాది పాత ఇన్వర్టరు, ఎంతసేపు లాగుతుందో దానికే తెలియదు. నేను కుర్చీలోంచి లేవలేదు. మా ఆయనే లేచాడు. గది గదికీ వెళ్లి ఫ్యాన్లు ఆపాడు, లైట్లు ఆపాడు, చార్జింగుకు పెట్టిన తన ఫోను పీకేశాడు. ఆ ఉన్న కాస్త కరెంటూ కంప్యూటరుకే మిగలాలని. తర్వాత నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఎవరిదో శాంపిలు పెళ్లికార్డు తీసుకుని విసరడం మొదలుపెట్టాడు. చెమటతో చొక్కా వీపుకు అతుక్కుపోయింది. విసురుతున్నది తనకు కాదు, నాకూ కాదు. కంప్యూటరు డబ్బాకు.

"ఆపమన్నది నువ్వే గద," అన్నాను.

"ఇప్పటికీ ఆపుమనే అంట. నువ్వు ఆపవు. మరేం చెయ్యాలె?" అని విసురుతూనే ఉన్నాడు.

ఆ మనిషిని అప్పుడు ముద్దు పెట్టుకోవాలనిపించింది. ఖాలా ఎదురుగా కూర్చుని ఉంది కాబట్టి బతికిపోయాడు.

పొద్దు వాలే వేళకు పని పూర్తయింది. గీత ఒక్కసారిగా కిందికి దిగిపోయింది, తీసుకున్నదంతా అక్కడే పెట్టేసి. మా ఆయన ఆ గీత చూసి, నా మొహం చూసి, టీ పెడతానని వంటింట్లోకి వెళ్లిపోయాడు. ఓడిపోయినప్పుడు టీ ఆయనే పెడతాడు. ఫోల్డరు తెరుచుకుంది. పాటలు దాదాపు అన్నీ ఉన్నాయి. ఒక్కదానిలో మాత్రం మధ్య ముక్క పోయి, ఆ చోట గరగర మిగిలింది.

మొదటి పాట పెట్టాను. ఖాలా గొంతు గది నిండా లేచింది. పక్కన కూర్చున్న ఖాలా ఒళ్లో చేతులు పెట్టుకుని ఎవరో తెలిసిన మనిషి పాడుతుంటే వింటున్నట్టు విన్నది. తాళానికి వేళ్లు కదులుతున్నాయి. పాటలో వియ్యపురాలి పేరు రాగానే ఆ వేళ్లు ఆగిపోయాయి.

చెయ్యి ఎత్తి ఆపమంది. "ఇది మాంజేల పెట్టొద్దు."

రోజంతా చెమటలు కక్కి, మొగుడితో కొట్లాడి, తీరా పాట దొరికాక పెట్టొద్దంటే ఎలా ఉంటుంది? అడిగేశాను. ఎందుకు పెట్టొద్దు, గొంతు బాగాలేదా, స్పీకరు నచ్చలేదా అని. ఖాలా నా మోచెయ్యి పట్టుకుని దగ్గరికి లాగింది.

"ఆ పేరుగలామె పోయింది గద బేటీ. మనం పోయి ఆఖరిసారి మొహం చూసి వచ్చినం. సచ్చిపోయినామెను అందరి ముందట మళ్ల ఆట పట్టిస్తమా? ఈ పిల్ల అత్తను ఈ పిల్ల అత్త పేరుతోనే పాడాలె."

నిజమే. చిన్నకూతురి అత్తగారు పోయిన ఏడే పోయింది. రికార్డు చేసినప్పుడు ఆవిడ పడీ పడీ నవ్వింది, ఆ నవ్వు కూడా అందులో ఉంది. ఢోలక్ పాటలో బాణీ పాతదే. పేర్లు, దెప్పిపొడుపులు ఏ పెళ్లికి ఆ పెళ్లివి. పుట్టినప్పటి నుంచి ఈ గల్లీలోనే ఉండి వింటున్నాను, ఈ మాత్రం నాకు తట్టలేదు. స్పీకరు పెట్టి మోగించడానికి అవి సినిమా పాటలు కావు.

"మరెవరు పాడాలె?" అన్నాను.

ఖాలా నా వైపే చూస్తోంది.

నాకు గొంతు లేదన్నాను. ఆమె ఉన్న గొంతు చాలంది. మీ కోడళ్లున్నారు కదా అన్నాను. వాళ్లకు సిగ్గెక్కువంది. నాకు సిగ్గు లేదా అని దెబ్బలాడాను. ఉంటే ఇందాక మొగుడిని అన్ని మాటలనేదానివి కాదని మా ఆయన వంటింట్లోంచి అందించాడు.

ఆ వారమంతా సాయంత్రాలు మెట్ల మీదే గడిచాయి. డిస్కులోంచి పాటలు మళ్లీ ఫోనులోకి ఎక్కించాను, ఈసారి మా ఆయన ఫోనులోకి కూడా. ఒక్కో చరణం వినడం, ఆపడం, నేను పాడడం, ఖాలా తల అడ్డంగా ఊపడం. పైకి పోవాల్సిన చోట అరచెయ్యి పైకెత్తేది, కిందికి దిగాల్సిన చోట నా మోకాలు నొక్కేది. పెళ్లికూతురు రహస్యంగా వచ్చి కాబోయే అత్తగారి గుట్లన్నీ విప్పేది. మూసీ అవతలి ఇల్లు, లెక్కల టీచరు, సీరియలు అయ్యేదాకా టీవీ రిమోటు దిండు కింద పెట్టుకుంటుందట. పాటలో గరగరమన్న ముక్కలో అసలు మాటలేమిటో ఖాలా చెప్పబోయి, ఆగి, "అక్కడ నువ్వే ఏదన్న పెట్టు," అంది. రిమోటు పెట్టాను. ఖాలా భుజాలు చాలాసేపు కదిలాయి.

మాంజే రోజు వాకిట్లో చాపలు పరిచారు. పసుపు దుపట్టాలో పెళ్లికూతురు తల వంచుకుని కూర్చుంది. అది ఆరోజు తల ఎత్తకూడదు, మాట్లాడకూడదు. ఖాలా గరిటె పట్టుకుని ఢోలక్ పక్కన కూర్చుంది. మొదటి రెండు పాటలూ నా గొంతు వణికింది. మూడో దానికి రిమోటు వచ్చింది. మగపెళ్లివారి చాప మొత్తం ఘొల్లుమంది. పెళ్లికొడుకు తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఈ పాడే ఆమె ఎవరో మాకు చెప్పాలె. మేం గూడ పేరు పెట్టి పాడొద్దా?" అంది.

నేను నోరు తెరిచాను, పైవాటాలో అద్దెకుంటామని చెబుదామని. ఖాలా ఏదో అంది. ఆ రొదలో ఎవరికీ వినపడలేదు. పెళ్లికూతురు మాత్రం నానమ్మ మూతి దగ్గర చెవి పెట్టి విని, ఎత్తకూడని తల ఎత్తి, అందరికీ వినపడేటట్టు చెప్పింది.

"మా పెద్ద మేనత్త. మా దాదీ పెద్దబిడ్డ."

వాళ్లు నా పేరు, నేను చేసే పని అడిగి పాట ఎత్తుకున్నారు. పెద్ద మేనత్త నోటికి జడిసి మొగుడు ఇంట్లో చెవుల్లో దూది పెట్టుకుని తిరుగుతాడట. పెళ్లి కార్డు మీద అక్షరం తప్పితే పెళ్లికొడుకునే మార్చేస్తుందట. వీధి తలుపు అవతల, బిర్యానీ ఉడికే డేగుల దగ్గర, మగవాళ్ల మధ్యలోంచి మా ఆయన నవ్వు నాకు స్పష్టంగా వినపడింది.

పాట అయిపోయింది. జవాబు చెప్పాల్సింది నేనే. అందరూ నా వైపు చూస్తున్నారు. నేను ఖాలా వైపు చూశాను. ఖాలా తాళం ఆపకుండానే, ఖాళీగా ఉన్న చెయ్యి నా వీపు మీద వేసి రాసింది.

ఎత్తుకున్నాను.