మునిరత్నక్క కట్టిన వాగు

పొద్దున షట్టరు ఎత్తగానే, ముందురోజు వార్నీషు పూసి ఆరబెట్టిన రాగి కాయిళ్ళ ఘాటు ముక్కుకు తగులుతుంది. ఆ వాసన వచ్చిందంటే నాకు మునిరత్నక్క పక్కనే ఉన్నట్టుంటుంది. హోసూరులో ఈ మోటారు వైండింగు షాపు నాదే అయినా, పని నేర్చుకున్నది రాయకోటలో, ఆమె దగ్గర. గొర్రెలు మేపే ఇంట్లో పుట్టి, అయిదో తరగతితో బడి మానేసిన మనిషి. ఆడమనిషి మోటారు విప్పడమేమిటని నవ్విన రైతులే, బోరు మోటారు కాలిపోతే ఆమెను వెతుక్కుంటూ వచ్చేవారు. బట్టలు కుట్టే ఫ్యాక్టరీ మానేసి నేను ఆమె దగ్గర చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. తెలియదు అని ఒప్పుకుంటే ఎక్కడ తీసేస్తారోనని ప్రతిదానికీ తలూపే అలవాటు ఫ్యాక్టరీలోనే అబ్బింది నాకు.

ఒకరోజు బర్గూరు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మాష్టారు ఒకాయన షాపుకు వచ్చారు. కొండవాగుల్లో రాళ్ళను కరుచుకుని బతికే చిన్న చేపలను విద్యార్థులకు చూపించాలని ఆయన కోరిక. మామూలు అక్వేరియంలో అవి బతకవట, నీళ్ళు వేగంగా పారుతూ ఉండాలట. అక్వేరియాలు అమ్మేవాళ్ళు తమవల్ల కాదన్నారు. అక్క అంతా విని, "పంపు సంగతి తెలుసు సార్, చేప సంగతి తెల్దు. అవి యాడుంటాయో ముందు చూపించండి" అంది.

ఆ ఆదివారం ముగ్గురం కొండవాగుకు వెళ్ళాం. అక్క చీర పైకి దోపుకుని మోకాళ్ళ లోతులో దిగి, అరచేయి నీళ్ళలో పెట్టి చాలాసేపు అలాగే నిలబడింది. "ఈడికి రా భాగ్యా, చెయ్యి పెట్టు" అంది. నీళ్ళు నా చేతిని పక్కకు నెట్టేస్తున్నాయి. ఆ వేళ్ళ కిందే, ఆకులా బల్లపరుపుగా ఉన్న చేప ఒకటి రాయికి అతుక్కుని, తాపీగా పాచి గీరుకు తింటోంది. "ఇంత తోపుడులో ఎట్లుండాదో చూడు! నీళ్ళు సల్లగా కూడా ఉండాయి, గుర్తు పెట్టుకో" అంది అక్క. నా మనసులో మాత్రం వేగం ఒక్కటే నిలిచింది.

నాలుగడుగుల గాజుతొట్టిలో ఒక చివర పంపు, రెండో చివర స్పాంజి, రెంటినీ కలుపుతూ ఇసుక కింద పైపులు వేశాం. పంపు నీటిని పైనుంచి ముందుకు తోస్తుంది, ఆ నీరు స్పాంజిలోంచి దూరి అడుగుపైపుల గుండా పంపుకు తిరిగొస్తుంది. గుండ్రాళ్ళను పది రోజులు ఎండలో నీళ్ళతొట్టిలో ఉంచి పాచి పట్టించాం. పంపు ఎంచింది నేను. వేగం కావాలి కదా అని పెద్దది తెచ్చి, నీళ్ళలోనే ముంచి బిగించాను. "పంపును ఒక దినమంతా నడిపించి, నీళ్ళు వేడెక్కుతాయేమో చూడు" అని చెప్పి అక్క వేరే పనిమీద కుందారపల్లి పోయింది. నేను అరగంట నడిపి ఆపేశాను. సాయంత్రం వచ్చి, "చూసినావా?" అని అడిగింది.

"చూసినానక్కా. బాగుండాది" అన్నాను.

కాలేజీలో చేపలు వదిలిన మూడోరోజు మాష్టారు ఫోన్ చేశారు. వెళ్ళేసరికి రెండు చేపలు చచ్చిపోయి ఉన్నాయి. మిగతావి రాళ్ళను వదిలేసి, నీటి పైఅంచున గాజుకు అంటుకుని రొప్పుతున్నాయి. అక్క వేలు ముంచి చూసి నా వైపు తిరిగింది. పంపు వేడికి నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. "ఏమైందమ్మా?" అన్నారు మాష్టారు.

"వేడి చూడకుండా పెట్టేసినాము సార్. మా తప్పే" అంది అక్క. వెంటనే పంపు ఆపి, మాష్టారి చేత చల్లటి నీళ్ళు తెప్పించింది. సాయంత్రం దాకా ఇద్దరం పాత నీళ్ళు తోడుతూ, కొత్త నీళ్ళు గాలి కలిసేలా చెంబుతో ఎత్తునుంచి కొద్దికొద్దిగా పోస్తూ ఉన్నాం. ఒక్కొక్క చేపా మళ్ళీ రాళ్ళ మీదికి దిగింది.

తిరుగు బస్సులో తిట్లకు సిద్ధపడి కూర్చున్నాను. ఆమె కిటికీలోంచి చూస్తూ, "చూడకుంటే చూడలేదని చెప్పమ్మా. అప్పుడు నేను చూసుకుంటాను. చూసినానంటే ఇంక నేనేం చేసేది?" అంది. నేను ఏడ్చేశాను. కాసేపటికి, "రేపు నువ్వే పోయి సరిచెయ్యి" అంది.

"నేనా అక్కా?"

"ఆ వాగులో నువ్వూ చెయ్యి పెట్టినావు కదా."

ఈసారి చిన్న పంపును తొట్టి బయట బిగించాను. నీటిమీదికి గాలి తగిలేలా ఒక బుల్లి ఫ్యాను పెట్టాను. రెండు రోజులు అక్కడే ఉండి గంటగంటకూ వేడి చూసి కాగితం మీద రాశాను. కొన్ని నెలలకు మాష్టారు మమ్మల్ని రమ్మన్నారు. గాజుకు జీలకర్ర గింజంత పిల్లలు అంటుకుని ఉన్నాయి, అచ్చం తల్లిలాగే బల్లపరుపుగా, ఆ ప్రవాహానికి ఎదురుగా. అక్క గాజుకు ముక్కు ఆనించి, "ఇంటి పేరు నిలబెట్టినాయే!" అని పకపకా నవ్వింది. నవ్వుతూనే మాష్టారితో అంది: "ఇది కట్టింది భాగ్య సార్."

ఇప్పుడు ఆమెకు చూపు తగ్గింది, రాయకోటలో కూతురి దగ్గర ఉంటోంది. నా దగ్గర ఇద్దరు అమ్మాయిలు పని నేర్చుకుంటున్నారు. నిన్న ఒక రైతు మోటారు తీసుకుపోవడానికి వచ్చి, తొందరపడుతూ, "బేరింగు చూసినావా అమ్మా?" అని అడిగాడు. అమ్మాయిలిద్దరూ నా ముఖం వైపు చూశారు.

"ఇంకా చూడలేదప్పా," అన్నాను. "కూర్చో, చూసి చెప్తాను."