ఎర్ర బకెట్లకు పసుపు పూసిన సంగతి

ఆ రోజుల్లో నాకు రెండే భయాలు: ఒకటి నిప్పు, రెండోది మా ముక్కుపొడి మేనేజరు. విరుదునగర్‌లో పత్తిగింజలు తీసే మిల్లులో నన్ను పనిలో పెట్టుకుని (మీసమైనా సరిగా రాని పంతొమ్మిదేళ్ల వాణ్ణి), నిప్పు ఆర్పడానికి గోడ వెంట వేలాడే పన్నెండు ఎర్ర బకెట్లు నాకప్పగించాడు. "ఒక్క పూట వట్టిగా ఉండినా నువ్వు మీ ఊరు కోవిల్‌పట్టికి రైలెక్కు," అన్నాడు. చుట్టూ దూదే. మిషను పళ్ల మధ్య ఒక రాయి నలిగి రవ్వ లేస్తే చాలు, అంతా బూడిదే. ఆ దిగులుతో అన్నం సయించేది కాదు. పైగా ఆ ఎండాకాలం బావులు అడుగంటాయి. పొద్దున నేను నింపిన నీళ్లు మధ్యాహ్నానికి పత్తి ఏరే ఆడవాళ్ల చెంబుల్లోకి చేరేవి. అడగబోతే ముందు వరసలో మా మేనత్తే. "దప్పికయితే తాగొద్దా అబ్బయ్యా? నిప్పు వచ్చినప్పుడు చూస్తాంలే," అనేది.

మూడో వారం నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. ఎవరూ రాకముందే వెళ్లి బకెట్లన్నిటికీ పసుపు పూసి, బొట్టు పెట్టి, వేపమండలు కట్టాను. మారియమ్మకు మొక్కిన నీళ్లని చెప్పాను. ఆ తర్వాత చుక్క తగ్గితే ఒట్టు. మేనేజరు భుజం తట్టాడు. నా కాలు నేలమీద ఆనలేదు.

పసుపు పూసిన తొమ్మిదో రోజు పట్టపగలు రెండో మిషను దగ్గర భగ్గుమంది. మేనత్త మంటకు అవతల చిక్కుకుపోయింది. ఇవతల ముప్పైమందిమి, గోడకు పన్నెండు నిండు బకెట్లు. ఒక్కరూ ముట్టుకోలేదు. కొందరు లెంపలేసుకుంటున్నారు. "తాకితే సామికుత్తం అవుతాది, అమ్మోరికి కోపమొస్తాది, నువ్వే తియ్యి," అన్నారు నాతో. పసుపు కొన్నది నేను, అబద్ధమాడింది నేను. అయినా నా చెయ్యి లేవలేదు. (నమ్మండి, అమ్మవారు నన్నే చూస్తున్నట్టనిపించింది.) పొగలోంచి మేనత్త దగ్గుతూ అరిచింది: "ఏం చూస్తుండావురా? ఆ తల్లికి నేను చెప్పుకుంటాలే, నీళ్లు పొయ్యి." అప్పుడు కదిలాను. నేనొకటి ఎత్తాక అందరూ ఎత్తారు.

అత్త సగం కాలిన కొప్పుతో బయటపడింది. మేనేజరుకు నిజం చెప్పేశాను. ఆయన నన్ను పంపెయ్యలేదు. పొడి పీల్చి, రెండు పనులు చేశాడు: తాగే నీళ్లకు వేరే తొట్టి కట్టించాడు, ప్రతి శనివారం అందరి చేతా బకెట్లు ఎత్తించి, ఆ పాత నీళ్లు ఆడవాళ్లకే ఇచ్చేవాడు. తర్వాత రెండుసార్లు నిప్పు లేచింది. నేను పరుగెత్తి చేరేలోపే ఆడవాళ్లు ఆర్పేశారు.

అత్త జుట్టు మళ్లీ పెరిగింది. ఆనాటి సంగతి గురించి నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. ఇప్పుడు మీకు నవ్వుతూనే చెబుతున్నాను గానీ, నా పసుపుకు నేనే దడిసి నిలబడ్డ ఆ కాసేపట్లో ఆమె ఎన్నిసార్లు దగ్గిందో నాకిప్పటికీ వినబడుతుంది.